పోటు వేరు, మంట వేరు, సలుపు వేరు: నొప్పి రకాలు, వాటి మూలాలు

చీకట్లో నీళ్ల కోసం లేచి నడుస్తుంటే కాలి చిటికెనవేలు మంచంకోడుకు తగులుతుంది. ముందు తగిలిందని మాత్రమే తెలుస్తుంది. వెంటనే చురుక్కుమంటుంది, కాలు దానంతటదే వెనక్కి వచ్చేస్తుంది. తర్వాత ఒక్క క్షణం గ్యాప్. అసలుది ఇప్పుడు రాబోతోందని దెబ్బలు తిన్న అనుభవం ఉన్నవాళ్లందరికీ తెలుసు. అన్నట్టే వస్తుంది. వేలు పట్టుకుని మంచం మీద కూలబడేలా, లోపల్నుంచి కమ్ముకొస్తుంది. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో కూడా చెప్పలేం.

దెబ్బ ఒక్కటే, నొప్పులు రెండు. కబురు మోసే తీగలు రెండు రకాలు కావడమే దీనికి కారణం. 'ఏ-డెల్టా' అనే నాడీ తంతువుల మీద పలచటి కొవ్వు తొడుగు ఉంటుంది. వాటిలో సంకేతం సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో పరిగెడుతుంది. 'సి' తంతువులు ఇంకా సన్నం, వాటికి ఆ తొడుగు లేదు. వాటి వేగం సెకనుకు అర మీటరు నుంచి రెండు మీటర్లు, అంటే ఇంచుమించు మనిషి నడక. కాలివేలి నుంచి వెన్నుపాము దాకా దాదాపు మీటరు దూరం. చురుకు కన్నుమూసి తెరిచేలోపు చేరిపోతుంది. సలుపు తాపీగా ఒక సెకను వెనక వస్తుంది. అదే దెబ్బ ముఖానికి తగిలితే ఈ గ్యాప్ పెద్దగా తెలియదు, దారి పొట్టి కాబట్టి.

చురుకు, సలుపు అని విడివిడిగా రెండు మాటలు ఉండటం ఊరికే కాదు. తెలుగులో నొప్పికి మాటల కరువు లేదు: పోటు, మంట, తీపు, పీకుడు, గుంజుడు, మెలిపెట్టడం, జివ్వుమనడం, కలుక్కుమనడం, పట్టేయడం, తిమ్మిరి. ఇవన్నీ ఒకే బాధకు మారుపేర్లు కావు. చాలాసార్లు ఒక్కో మాట ఒంట్లో జరుగుతున్న ఒక్కో వేరే పనిని పట్టిస్తుంది. తీరా డాక్టరు ముందు కూర్చున్నాక ఈ మాటలన్నీ మింగేసి "నొప్పిగా ఉందండీ" అని ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు. పదికి ఎంత అని అడిగితే ఆరో ఏడో అంటారు. ఆ అంకె నొప్పి ఎంతో చెప్తుంది గానీ ఎలాంటిదో చెప్పదు. ఏ మందు పనిచేస్తుందనేది మాత్రం ఎక్కువగా 'ఎలాంటిది' అన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది. రొనాల్డ్ మెల్జాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1975లో రోగుల కోసం ఒక ప్రశ్నావళి తయారుచేసినప్పుడు, అందులో నొప్పిని వర్ణించే 78 ఇంగ్లీషు మాటల్ని 20 గుంపులుగా పేర్చాడు. రోగి ఏ మాట ఎంచుకుంటాడో చూస్తే జబ్బు జాడ దొరుకుతుందన్నది అందులో ఒక ఉద్దేశం.

మళ్లీ ఆ కాలివేలి దగ్గరికి వద్దాం. తగలగానే ఎవరైనా చేసే మొదటి పని దాన్ని గట్టిగా పట్టుకుని రుద్దుకోవడం. దాంతో నిజంగానే కాస్త ఉపశమనం ఉంటుంది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ ఊహ ప్రకారం అయితే అలా ఉండకూడదు. గుడి గంటకు కట్టిన తాడు లాగితే పైన గంట మోగినట్టు, కాలికి నిప్పు తగిలితే తలలో నొప్పి మోగుతుందన్నది ఆయన లెక్క. కింద ఎంత లాగితే పైన అంత మోత. 1965లో మెల్జాక్, పాట్రిక్ వాల్ కలిసి 'గేట్ కంట్రోల్' సిద్ధాంతం ప్రకటించాక ఈ బొమ్మ మారింది. వెన్నుపాములో ఒక గేటు లాంటి ఏర్పాటు ఉందనీ, స్పర్శను మోసే లావుపాటి తంతువుల రద్దీ పెరిగితే నొప్పి సంకేతాలకు దారి ఇరుకవుతుందనీ, మెదడు కూడా పైనుంచి ఆ గేటును నడుపుతుందనీ వాళ్లు చెప్పారు. వివరాల్లో తర్వాత చాలా దిద్దుబాట్లు జరిగాయి. కానీ నొప్పి తీగ వెంట నేరుగా వచ్చి పడేది కాదనీ, దారి పొడవునా పెరుగుతూ తరుగుతూ వస్తుందనీ అన్న మాట మాత్రం నిలిచింది. మిగతా కథంతా దాని మీదే ఆధారపడి ఉంది.

కణజాలం అరిచే నొప్పి

అందరికీ బాగా తెలిసినది మొదటి రకం. కోసుకోవడం, కాలడం, బెణకడం, విరగడం, చీము పట్టడం. చర్మంలో, కండలో, ఎముక పైపొరలో, కీళ్లలో హానిని పసిగట్టే నాడీ కొసలు ఉంటాయి. వాటికి 'నోసిసెప్టర్లు' అని పేరు. తీవ్రమైన వేడి, గట్టి ఒత్తిడి, కొన్ని రసాయనాలు తగిలితేనే ఇవి లేస్తాయి, లేకపోతే నిద్రలో ఉంటాయి.

వీటిలో ఒకదాని గుట్టు మిరపకాయ వల్ల బయటపడింది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం మిరపకాయలోని ఘాటు పదార్థం నాడీ కొస మీద ఏ తలుపు తడుతుందో కనిపెట్టింది. ఆ తలుపు పేరు టీఆర్‌పీవీ1. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ వేడికి తెరుచుకునే తలుపు కూడా అదే. కారం తింటే నోరు 'మండింది' అనడం అలంకారం కాదన్నమాట, నాడికి అందిన కబురు అచ్చంగా అదే. ఈ పనికి 2021లో జూలియస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. స్పర్శ, ఒత్తిడి మీద పనిచేసిన ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి ఇచ్చారు.

గాయమైన చోట ఈ తలుపులు వదులవుతాయి. దెబ్బతిన్న కణాలు, అక్కడికి చేరిన రక్షణ కణాలు కలిసి రకరకాల రసాయనాలు వదులుతాయి. వాటిలో ప్రోస్టాగ్లాండిన్లు ముఖ్యమైనవి. ఇవి నాడీ కొసను ఎంత చురుగ్గా చేస్తాయంటే, మామూలుగా 43 డిగ్రీలకు లేవాల్సినది ఒంటి వేడికే లేస్తుంది. ఎండకు కమిలిన వీపు మీద గోరువెచ్చని నీళ్లు పోసినా సుర్రుమంటుంది. నీళ్లలో తేడా లేదు, కొలిచే కొస మారింది. జాన్ వేన్ 1971లో ఆస్పిరిన్ చేసే పని ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపడమేనని చూపించాడు. 1982లో ఆయన కూడా నోబెల్ పంచుకున్నాడు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలదీ ఇదే దారి. నెలసరి నొప్పికి ఇవి బాగా పనిచేయడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. గర్భాశయం లోపలి పొరలో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లే కండరాన్ని గట్టిగా ముడుచుకునేలా చేసి రక్తప్రసారం తగ్గిస్తాయి. అందుకే నొప్పి ముదిరాక వేసుకున్న మాత్ర కన్నా మొదలవుతుండగా వేసుకున్నది ఎక్కువ ఫలితం ఇస్తుంది. 'ఓర్చుకుని చూద్దాం, మరీ తట్టుకోలేకపోతే వేసుకుందాం' అనే పద్ధతి ఇక్కడ పనికిరాదు.

పంటి విషయంలో మాటలకున్న విలువ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. చల్లనిది తగిలినప్పుడు జివ్వుమని, తీసేయగానే పోతే అది పంటి పైపొర అరిగి లోపలి సన్నటి గొట్టాలు బయటపడటం వల్ల కావచ్చు. ఆ గొట్టాల్లోని ద్రవం కదిలి లోపలి నాడిని తాకుతుంది. వేడిది తగిలితే మొదలై నిమిషాల తరబడి వదలకుండా, రాత్రి పడుకున్నాక సలుపు పెడుతుంటే పంటి లోపలి గుజ్జు వాచిందని అనుమానించాలి. మొదటిదానికి టూత్‌పేస్టు మారిస్తే సరిపోవచ్చు, రెండోదానికి రూట్ కెనాల్ దాకా వెళ్లాల్సి రావచ్చు. సలుపు గుండె కొట్టుకునే లయలోనే ఉంటుందని చాలామంది నమ్ముతారు, వైద్య పుస్తకాలు కూడా చాలాకాలం అలాగే రాశాయి. పంటి సలుపు ఉన్న రోగుల చేత ఒక్కో సలుపుకూ మీట నొక్కించి, అదే సమయంలో గుండె కొట్టుకునే వేగాన్ని కొలిచి చూస్తే రెండూ కలవలేదు. సలుపు గుండె లయ కన్నా చాలా నెమ్మదిగా నడిచింది.

కండరాల నొప్పి గురించి ఒక్క అపోహ చెప్పుకుంటే చాలు. చాలాకాలం తర్వాత జిమ్‌కి వెళ్లినా, కొండ దిగినా నొప్పి ఆ రోజు రాదు. మర్నాడో ఎల్లుండో మెట్లు దిగలేని పరిస్థితి వస్తుంది. 'లాక్టిక్ యాసిడ్ పేరుకుంది' అని ట్రైనర్లు చెప్తుంటారు. అది వ్యాయామం ఆపాక గంటా రెండు గంటల్లో కండలోంచి ఖాళీ అయిపోతుంది. 24 నుంచి 72 గంటల మధ్య ఉచ్చస్థితికి వచ్చే నొప్పికి అది కారణం కాలేదు. అలవాటు లేని పనిలో, ముఖ్యంగా కండ సాగుతూ బరువు మోసే పనిలో, ఏర్పడే సూక్ష్మమైన చిరుగులు, వాటి చుట్టూ వచ్చే వాపు అసలు కారణం.

చోటు తప్పి చెప్పే నొప్పి

పొట్టలోని అవయవాల నొప్పి కూడా కణజాలం నొప్పే. అయినా దాని తీరు పూర్తిగా వేరు. పేగును కోసినా, కాల్చినా పెద్దగా తెలియదు. అదే పేగు గాలితో ఉబ్బినా, అడ్డుపడి సాగినా ప్రాణం పోతున్నట్టుంటుంది. లోపలి అవయవాలకు నాడీ కొసలు తక్కువ, అవి వెన్నుపాములో చాలా మెట్ల దగ్గర కలుస్తాయి. అందుకే లోపలి నొప్పికి అడ్రసు సరిగా ఉండదు. వేలికి ముల్లు గుచ్చుకున్నవాడు ఒక్క వేలితో 'ఇదిగో ఇక్కడ' అని చూపిస్తాడు. పేగు నొప్పి ఉన్నవాడు అరచెయ్యి మొత్తం పొట్ట మీద గుండ్రంగా తిప్పుతాడు. అనుభవం ఉన్న డాక్టరు మాటతో పాటు ఆ చేతిని కూడా చూస్తాడు.

అపెండిసైటిస్‌లో ఈ రెండు చేతులూ ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తాయి. మొదట బొడ్డు చుట్టూ ఏదో అస్పష్టమైన నొప్పి, వికారం. అప్పుడది కేవలం అవయవం మాట్లాడటం. కొన్ని గంటలు గడిచాక వాపు పొట్ట లోపలి గోడను అంటుకుంటుంది. ఆ గోడకు చర్మానికి ఉన్నంత చక్కటి నాడులు ఉంటాయి. అప్పుడు నొప్పి కిందకు, కుడివైపుకు జరిగి ఒక్కచోట నిలబడుతుంది. దగ్గినా కలుక్కుమంటుంది. 'నొప్పి జరిగింది' అన్న ఒక్క మాటే సర్జన్‌ను లేపి కూర్చోబెడుతుంది.

కదలిక కూడా ఒక సాక్ష్యం. కిడ్నీలో రాయి జారి గొట్టంలో ఇరుక్కున్నవాడు ఒక్కచోట ఉండలేడు. లేస్తాడు, కూర్చుంటాడు, గోడకు ఆనుకుంటాడు, మెలికలు తిరుగుతాడు. గొట్టం రాయిని నెట్టడానికి ముడుచుకున్నప్పుడల్లా 'మెలిపెట్టేస్తోంది' అంటాడు. నడుం పక్కన మొదలై గజ్జల్లోకి పాకుతుంది. పేగుకు చిల్లు పడి పొట్టంతా వాచినవాడు దీనికి పూర్తిగా విరుద్ధం. మంచం కుదిపినా భరించలేక కొయ్యబొమ్మలా పడుకుంటాడు. తలనొప్పుల్లోనూ ఇలాంటి తేడా ఉంది. 4 గంటల నుంచి 72 గంటల దాకా సాగే మైగ్రేన్ వచ్చినవాళ్లు చీకటి గదిలో కదలకుండా పడుకుంటారు. ఒక కంటి వెనక పొడిచినట్టు వచ్చి 15 నిమిషాల నుంచి 3 గంటల్లోపు పోయే క్లస్టర్ తలనొప్పిలో మనిషి గదిలో పచార్లు చేస్తాడు. తల పట్టుకుని ఇంత బాధపడుతున్నా, మెదడు పదార్థానికి మాత్రం నొప్పి తెలియదు. దాన్ని కప్పిన పొరలకు, రక్తనాళాలకు తెలుస్తుంది. రోగి మెలకువగా ఉండి మాట్లాడుతుండగానే మెదడు ఆపరేషన్లు చేయగలగడం అందుకే. ఇక ఏ తలనొప్పి అయినా పిడుగు పడ్డట్టు ఒక్క నిమిషంలోపే పతాక స్థాయికి వెళ్తే, అది ఏ రకమో ఇంట్లో కూర్చుని ఆలోచించకూడదు. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి, మెదడు చుట్టూ రక్తస్రావం కావచ్చు.

అడ్రసు తప్పడంలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది గుండె. గుండె నుంచి వచ్చే నొప్పి నాడులు, ఎడమచేతి లోపలి వైపు, ఛాతీ నుంచి వచ్చే నాడులు వెన్నుపాములో ఒకే అంతస్తులో దిగుతాయి. మెదడుకు చేతి కబుర్లు రోజూ అలవాటు, గుండె కబురు అరుదు. అందుకని తప్పు ఖాతాలో రాసుకుంటుంది: ఎడమచెయ్యి గుంజుతోంది, దవడ లాగుతోంది, ఛాతీ మీద బండ పెట్టినట్టుంది. చాలామంది దీన్ని పోటుగా చెప్పరు, 'బరువు', 'పట్టేసినట్టుంది' అంటారు. ఆడవాళ్లలో, మధుమేహం ఉన్నవాళ్లలో ఆ బరువు కూడా లేకుండా ఆయాసం, చెమటలు, నీరసం మాత్రమే ఉండొచ్చు. 'గ్యాస్ అయ్యుంటుందిలే' అనే మాట పోగొట్టిన ప్రాణాలకు లెక్క లేదు.

ఇలా దారి తప్పే నొప్పులు ఇంకా ఉన్నాయి. పిత్తాశయం వాచినా, కాలేయం పైన చీము చేరినా కుడి భుజం కొస నొప్పి పుట్టొచ్చు. ఆ వాపు తగిలేది పొట్టకూ ఛాతీకీ మధ్య ఉన్న డయాఫ్రం అనే కండరానికి. అది పిండదశలో మెడ దగ్గర పుట్టి కిందకు దిగింది, వస్తూ వస్తూ మెడ నాడిని వెంట లాక్కొచ్చింది. తుంటి కీలు చెడిన పిల్లలు మోకాలు నొప్పి అంటారు. మోకాలికి ఎక్స్‌రే తీస్తే అందులో ఏమీ కనిపించదు.

తీగే తెగితే

రెండో పెద్ద రకం నాడి నొప్పి. ఇక్కడ కణజాలం బాగానే ఉంటుంది, కబురు మోసే తీగ చెడుతుంది. ఇది చెప్పే మాటలే వేరు: మంట, కరెంటు షాక్ కొట్టినట్టు, సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు. దీనిలో ఒక వింత ఉంది. మొద్దుబారిన చోటే మండుతుంది. 'పాదానికి స్పర్శ లేదు, కానీ రాత్రంతా మంట' అని మధుమేహ రోగి చెప్తే అందులో పరస్పర విరుద్ధం ఏమీ లేదు. మోయాల్సినది మోయలేని తీగ, ఎవరూ పంపని సంకేతాల్ని దానంతటదే పుట్టిస్తోంది. అన్నిటికన్నా పొడవైన నాడులు ముందు చెడతాయి కాబట్టి మేజోడు వేసుకున్న మేరకు, రెండు పాదాల్లో సమానంగా మొదలవుతుంది. దుప్పటి అంచు తగిలినా భరించలేక రాత్రి పాదాలు బయట పెట్టుకుని పడుకునేవాళ్లున్నారు. నొప్పి పుట్టించకూడనిది నొప్పి పుట్టించడానికి వైద్యంలో అలోడైనియా అని పేరు.

చిన్నప్పటి చికెన్‌పాక్స్ వైరస్ నాడుల మొదట్లో దశాబ్దాలు దాక్కుని, వయసు మీదపడ్డాక ఒంటికి ఒకవైపు పట్టీలా పొక్కులై బయటపడితే దాన్ని షింగిల్స్ అంటారు. పొక్కులు మానినా కొందరిలో మంట నెలల తరబడి మిగిలిపోతుంది. ముఖంలోని ట్రైజెమినల్ నాడిని రక్తనాళం నొక్కితే వచ్చే నొప్పి ఇంకా ఘోరం. పళ్లు తోముకున్నా, ఫ్యాన్ గాలి చెంపకు తగిలినా సెకన్లపాటు షాక్ కొడుతుంది. పంటినొప్పి అనుకుని బాగున్న పళ్లు పీకించుకున్నవాళ్లు తక్కువేం కాదు. మణికట్టు దగ్గర నాడి ఇరుకైనవాళ్లు అర్ధరాత్రి లేచి, థర్మామీటరు విదిలించినట్టు చెయ్యి విదిలిస్తారు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి చిటికెనవేలు మాత్రం బాగుంటే అనుమానం దాదాపు ఖాయం. నడుములో డిస్క్ జారి నాడీమూలాన్ని నొక్కితే నొప్పి నడుములో కన్నా కాలిలో ఎక్కువగా, మోకాలు దాటి పాదం వరకు గీత గీసినట్టు దిగుతుంది. దానితో పాటు మూత్రం మీద అదుపు తప్పినా, తొడల మధ్య, కూర్చునే చోట స్పర్శ పోయినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

మనవాళ్లు 'నరం పట్టేసింది', 'నరం లాగింది' అనే మాటను చాలా ధారాళంగా వాడతారు. సూది గుచ్చే రక్తనాళమూ నరమే, మడమ వెనక గట్టిగా తగిలే స్నాయువూ నరమే, కబురు మోసే నాడీ నరమే. నిద్ర లేవగానే మెడ తిరగకపోతే అది సాధారణంగా కండ పట్టేయడం. దానికి నరాల డాక్టరు అక్కర్లేదు. నిజంగా నాడికి సంబంధించిన మంటను మాత్రం కీళ్ల నొప్పి మాత్రలతో నెలల తరబడి నెట్టుకొస్తుంటారు. ఆ మాత్రలు ప్రోస్టాగ్లాండిన్లను ఆపుతాయి. చెడిన తీగ దానంతటదే మోగడాన్ని ఆపలేవు. ఈలోపు కడుపులో పుండు, కిడ్నీకి చేటు అదనం. నాడి నొప్పికి వాడే మందులు వేరు: గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, డులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్, ముఖం షాకులకు కార్బమజెపిన్. వీటిలో కొన్ని మొదట మూర్ఛకు, కొన్ని డిప్రెషన్‌కు వచ్చిన మందులు. ఇంటికొచ్చి ఇంటర్నెట్‌లో పేరు వెతికి 'నాకు పిచ్చనుకున్నాడా' అని మానేసేవాళ్ల తప్పు కాదది. ఆ మందు నాడి మోతను తగ్గించడానికేనని అర నిమిషం వివరించని చోట తప్పుంది.

తీగ చివర అవయవమే లేకపోయినా నొప్పి ఆగదు. అమెరికా అంతర్యుద్ధంలో కాళ్లు చేతులు పోగొట్టుకున్న సైనికులకు వైద్యం చేసిన వీర్ మిచెల్, లేని అవయవం నొప్పి పెట్టడానికి 1871లో 'ఫాంటమ్ లింబ్' అన్న పేరు పెట్టాడు. లేని చెయ్యి పిడికిలి బిగించి గోళ్లు గుచ్చుకుంటున్నట్టు కొందరికి అనిపిస్తుంది, ఆ పిడికిలిని విప్పే దారి ఉండదు. వి.ఎస్. రామచంద్రన్ 1990లలో ఒక అద్దాన్ని నిలువుగా పెట్టి, ఉన్న చేతి ప్రతిబింబం లేని చేతి స్థానంలో కనిపించేలా చేశాడు. ఉన్న చెయ్యి పిడికిలి విప్పితే లేనిది కూడా విప్పుకున్నట్టయి కొందరికి నొప్పి సడలింది. అందరికీ పనిచేయలేదు. కొందరికి పనిచేయడమే ఆశ్చర్యం.

రిపోర్టులన్నీ నార్మల్

మూడో రకానికి పేరు దొరకడానికే చాలా ఏళ్లు పట్టింది. గాయం కనిపించదు, నాడి దెబ్బతిన్న దాఖలా లేదు, నొప్పి మాత్రం నిజం. నొప్పిపై అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం 2017లో దీనికి 'నోసిప్లాస్టిక్' అనే మాటను ఆమోదించింది. ఒళ్లంతా నొప్పులు, నిద్ర పట్టకపోవడం, తెల్లారి లేచేసరికే అలసట ఉండే ఫైబ్రోమయాల్జియా దీనికి మంచి ఉదాహరణ. దీర్ఘకాలిక నడుం నొప్పుల్లో, కొన్ని రకాల కడుపునొప్పుల్లో కూడా ఇది పాలు పంచుకుంటుంది.

దీని వెనక ఉన్న ఒక ముఖ్యమైన సంగతిని క్లిఫర్డ్ వూల్ఫ్ 1983లో జంతువుల వెన్నుపాములో చూపించాడు. నొప్పి సంకేతాలు బలంగా వచ్చిపడ్డాక వెన్నుపాములోని కణాలే మారిపోతాయి. చిన్న సంకేతానికి పెద్దగా స్పందిస్తాయి, గాయం లేని పక్క చోట్ల నుంచి వచ్చిన స్పర్శకు కూడా లేస్తాయి. ఒకసారి పాము కరిచినవాడికి చీకట్లో ప్రతి తాడూ పామే. అలాంటి వెన్నుపాముకు 'ఇది తాడే' అని ఎవరు చెప్పినా ఎక్కదు. పాము కనిపించలేదు కాబట్టి ఉలికిపాటు అబద్ధం అనడం ఇంకా అన్యాయం. 'టెస్టులన్నీ నార్మల్, అంతా టెన్షన్ వల్లే' అని పంపించేయడం సరిగ్గా ఆ అన్యాయమే. టెన్షన్, నిద్రలేమి ఈ మోతను పెంచుతాయన్నది నిజం. అవే మోతను పుట్టించాయనడం వేరే మాట. వీళ్లకు మాత్రల కన్నా మెల్లగా పెంచుకుంటూ పోయే వ్యాయామం, నిద్ర సరిచేయడం ఎక్కువ పనిచేస్తాయి. నొప్పిగా ఉన్నవాడికి వ్యాయామం చెయ్యమనడం చేదుగా ఉంటుంది కాబట్టి ఈ వైద్యం తరచూ కాగితం మీదే ఉండిపోతుంది.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది: స్కాన్‌లో కనిపించిన ప్రతిదాన్నీ నేరస్తుడిగా నిలబెట్టడం. నడుం నొప్పి అసలే లేని 3,110 మంది స్కాన్లను 33 అధ్యయనాల నుంచి పోగుచేసి 2015లో ప్రచురించారు. డిస్క్ అరుగుదల 20 ఏళ్లవాళ్లలో 37 శాతానికి, 80 ఏళ్లవాళ్లలో 96 శాతానికి కనిపించింది. వాళ్లెవరికీ నొప్పి లేదు. 'డిస్క్ అరిగింది' అని కాగితం మీద చదివిన రోజు నుంచి వంగడం మానేసిన మనిషి, నెరిసిన వెంట్రుకను జబ్బుగా చదువుకున్నట్టే. వంగకపోవడం వల్ల నడుము బిగుసుకుపోయి నొప్పి నిజంగానే పెరుగుతుంది.

మెదడు ఈ లెక్కల్లో ఎంత దూరం వెళ్లగలదో 1995లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన చిన్న ఉదంతం చూపిస్తుంది. 29 ఏళ్ల భవన కార్మికుడు 15 సెంటీమీటర్ల మేకు మీదకు దూకాడు. మేకు బూటు చీల్చుకుని పైకి వచ్చింది. ఏ కాస్త కదిపినా అల్లాడిపోతుంటే మత్తు మందులిచ్చి మేకు లాగారు. బూటు విప్పి చూస్తే మేకు వేళ్ల సందులోంచి వెళ్లింది, పాదానికి గీత కూడా పడలేదు. అతను నటించలేదు. కళ్లు ఇచ్చిన సాక్ష్యాన్ని మెదడు నమ్మింది. ఇటలీలో రెండో ప్రపంచయుద్ధ సమయంలో హెన్రీ బీచర్ అనే వైద్యుడు దీనికి తలకిందులైన దృశ్యం చూశాడు. తీవ్రంగా గాయపడిన సైనికుల్లో చాలామంది మార్ఫిన్ వద్దన్నారు. వాళ్లకు ఆ గాయం యుద్ధరంగం నుంచి ప్రాణాలతో బయటపడటానికి దొరికిన టికెట్. నొప్పి అంటే 'కణజాలానికి జరిగిన లేదా జరగబోయే హానితో ముడిపడిన, లేదా అలాంటి హానితో ముడిపడినట్టుగా ఉండే' అప్రియమైన అనుభూతి, ఉద్వేగం అని అంతర్జాతీయ సంఘం 2020లో నిర్వచనాన్ని సవరించింది. 'అలాంటి హానితో ముడిపడినట్టుగా' అన్న ముక్క కొత్తగా చేరింది. మేకు దిగని కాలి నొప్పికి కూడా అందులో చోటుంది.

నొప్పే తెలియనివాళ్లు ఉన్నారు. ఉత్తర పాకిస్తాన్‌కు చెందిన ఒక బాలుడు వీధుల్లో చేతుల్లో కత్తులు గుచ్చుకుని, నిప్పుల మీద నడిచి డబ్బు సంపాదించేవాడు. పద్నాలుగో ఏడు నిండకముందే ఇంటి పైకప్పు మీద నుంచి దూకి చనిపోయాడు. నొప్పి ఎప్పుడూ వద్దని చెప్పలేదు కాబట్టి ఎత్తుకు భయపడటం నేర్చుకోలేదు. అలాంటి కుటుంబాల్లో ఎస్‌సీఎన్9ఏ అనే ఒకే ఒక్క జన్యువు చెడిందని 2006లో తేలింది. నొప్పి నాడుల్లో విద్యుత్తు నడవడానికి అవసరమైన నావ్ 1.7 అనే సోడియం దారి ఆ జన్యువు వల్లే తయారవుతుంది. ఆ ఒక్క దారి మూస్తే నొప్పులన్నీ పోతాయని మందుల పరిశ్రమ ఏళ్ల తరబడి వెంటపడింది, పెద్దగా ఫలితం రాలేదు. దాని పక్కింటి దారి నావ్ 1.8ని మూసే సుజెట్రిజిన్ అనే మందుకు 2025 జనవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది, అది కూడా ఆపరేషన్ తర్వాత వచ్చేలాంటి స్వల్పకాలిక నొప్పికి. అదే మందును నడుము నాడి నొక్కుకుని కాలిలోకి దిగే నొప్పి మీద కూడా పరీక్షించారు. మందు వేసుకున్నవాళ్ల నొప్పి పదికి 2.02 పాయింట్లు తగ్గింది. ఏ మందూ లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లకు 1.98 తగ్గింది.